పిరమిడ్‌లో ఖాళీ ఉంది సరే, గది ఉందా?

పిరమిడ్ల మీద ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్ర: 2017లో గీజా పెద్ద పిరమిడ్‌లో రహస్య గది, 2023లో ఇంకో సొరంగం దొరికాయని చదివాను. ఒక్క రాయి కూడా తీయకుండా లోపల ఏముందో ఎట్లా కనిపెట్టినారు? కనిపెట్టినాక తెరవడానికేం? — ఒక పాఠకుడు, కర్నూలు

జ: 2017లో దొరికింది గది అని ఇంకా ఎవరూ తేల్చలేదు. తేలింది ఒకటే: రాయి ఉండాల్సిన చోట రాయి లేదు.

ఎలా తెలిసిందంటే, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు మన వాతావరణం పైపొరలను తాకినప్పుడు మ్యూయాన్లు అనే కణాలు పుడతాయి. సముద్రమట్టం దగ్గర చదరపు మీటరుకు నిమిషానికి సుమారు 10,000 పడుతుంటాయి. అంటే చాపిన అరచేతి మీద నిమిషానికి వంద దాకా. ఇవి రాతిలోకి కూడా దూసుకెళ్తాయి, కానీ రాయి మందం పెరిగేకొద్దీ ఆగిపోయేవి ఎక్కువవుతాయి. పిరమిడ్ లోపల ఒక పలక పెట్టి, ఏ దిక్కు నుంచి ఎన్ని వచ్చాయో నెలల తరబడి లెక్కపెడతారు. లెక్క ప్రకారం రావాల్సిన వాటికంటే ఒక దిక్కున ఎక్కువ వస్తుంటే, ఆ దారిలో రాయి తక్కువ ఉందన్నమాట.

గీజాలోని ఈ పెద్ద పిరమిడ్‌ను కట్టించింది ఖుఫు అనే రాజు. అందులో ఈ పనిని మూడు బృందాలు మూడు రకాల పరికరాలతో చేశాయి. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు రాణి గదిలో ఫోటో ఫిల్ము లాంటి ఎమల్షన్ పలకలు పరిచారు. జపాన్‌దే కెఇకె అనే పరిశోధన సంస్థ సింటిలేటర్లు, అంటే కణం తగిలితే మెరిసే పలకలు పెట్టింది. ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ వాయువు నింపిన పరికరాలను పిరమిడ్ బయట నిలబెట్టింది. ముగ్గురి లెక్కా ఒకేచోట కలిసింది: గ్రాండ్ గ్యాలరీ అనే ఎత్తైన వాలు దారికి పైన, కనీసం 30 మీటర్ల పొడవున ఖాళీ. అడ్డుకోతలో దాదాపు ఆ గ్యాలరీ అంతే.

అయితే ఈ పద్ధతిలో వచ్చేది మసక బొమ్మ. ఆ ఖాళీ వాలుగా ఉందా, చదునుగా ఉందా, ఒకటేనా, పక్కపక్కన రెండు మూడా అన్నది అందులో తేలదు. కట్టేటప్పుడు రాళ్లు ఎక్కించడానికి వదిలిన సందు కావచ్చు, కింది గ్యాలరీ కప్పు మీద బరువు తగ్గించే ఏర్పాటు కావచ్చు. రెండోది ఊహకు అందని విషయమేమీ కాదు. రాజు గది కప్పు తొమ్మిది గ్రానైటు దూలాలు, మొత్తం బరువు సుమారు 400 టన్నులు. దాని పైన ఒకదాని మీద ఒకటిగా ఐదు పొట్టి అరలు ఉన్నాయి. మొదటిది 1765లో బయటపడింది. మిగతా నాలుగింటిని 1837లో హోవర్డ్ వైస్ అనే బ్రిటిష్ సైనికాధికారి మందుగుండుతో పేల్చి మరీ తెరిచాడు. నిధి లేదు. గోడల మీద ఎర్రరంగుతో ఖుఫు పేరున్న కూలీ జట్ల గుర్తులు ఉన్నాయి, అంతే. ఇంత చేసినా రాజు గది కప్పు దూలాలన్నీ దక్షిణం వైపున చీలే ఉన్నాయి.

2023 నాటి దారి సంగతి వేరు. ఉత్తరం ముఖాన పాత ప్రవేశద్వారం మీద వాలుగా ఒకదానికొకటి ఆనించిన పెద్ద రాళ్లు కనిపిస్తాయి కదా, దాని వెనకే సుమారు 9 మీటర్ల పొడవు, రెండేసి మీటర్ల వెడల్పు, ఎత్తు ఉన్న నడవ. మ్యూయాన్లతో ఆనవాలు పట్టి, రాడార్‌తోనూ అల్ట్రాసౌండ్‌తోనూ సరిచూసుకొని, చివర రాళ్ల సందులోంచి ఆరు మిల్లీమీటర్ల మందం ఉన్న కెమెరా గొట్టం దూర్చారు. లోపల గరుకు గోడలు, ముక్కోణపు కప్పు, ఖాళీ నేల.

తెరవడానికేం అన్నారు. రాణి గది నుంచి పోయే సన్నని రంధ్రాల కథ చూడండి. వెడల్పు 20 సెంటీమీటర్లే, మనిషి పట్టడు. 1993లో జర్మన్ ఇంజినీరు రుడాల్ఫ్ గాంటెన్‌బ్రింక్ పంపిన చిన్న రోబో 60 మీటర్ల పైన పోయి, రెండు రాగి మేకులున్న రాతి పలక దగ్గర ఆగింది. 2002లో దానికి బెజ్జం వేసి చూస్తే వెనక ఇంకో రాయి. తర్వాత జెడి అనే రోబో ఆ నడిమి చోటులోకి కెమెరా వంచి చూపితే నేల మీద కొన్ని ఎర్ర గీతలు. ఈ రంధ్రాలకైనా పోవడానికి ఒక దారి ఉంది. పెద్ద ఖాళీకి అదీ లేదు, రాయి తొలిచి దారి చేయాలి. తొలిచిన రాయిని మళ్లీ అతికించలేం.

ప్ర: ఖఫ్రే పిరమిడ్ కింద 648 మీటర్ల లోతు స్తంభాలు ఎనిమిది ఉన్నాయంట కదా అయ్యా. మా పిల్లోడు ఫోన్‌లో చూపిచ్చినాడు. నిజమేనా? — ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జ: కాదు అనే ఎక్కువమంది నిపుణుల మాట. ఖఫ్రేది గీజాలోనే ఉన్న రెండో పెద్ద పిరమిడ్. ఇటలీ బృందం ఒకటి 2025 మార్చిలో ఉపగ్రహ రాడార్ లెక్కలతో ఈ ప్రకటన చేసింది. ఉపగ్రహ రాడార్ తరంగాలు బాగా ఎండిన ఇసుకలో కొద్ది మీటర్లు దిగితే గొప్ప, గట్టి సున్నపురాయిలో అదీ కష్టం. మేం లోపలికి చూడలేదు, పైనున్న రాళ్ల సూక్ష్మ కంపనాలను బట్టి లోపలిది లెక్కగట్టాం అంటారు వాళ్లు. అలాంటి లెక్కను నమ్మాలంటే ముందు తెలిసిన గదులను అదే లెక్క సరిగ్గా చూపాలి, తర్వాత ఒకచోటైనా బోరు వేసి సరిచూడాలి. ఆ రెండో పని జరగలేదు.

మీ జిల్లాకు దగ్గర్లోనే బెలుం గుహలు ఉన్నాయి. 3,229 మీటర్ల పొడవున, పాతాళగంగ దగ్గర 46 మీటర్ల లోతు దాకా మనుషులు దిగి, టేపు పట్టి గీసిన పటం అది. 648 మీటర్లు అంటే దానికి పద్నాలుగు రెట్లు. ఫోన్‌లోని రంగుల బొమ్మలను ఎవరు ఎక్కడ దిగి కొలిచారు?

ఇంకో మాట. ఇదే ఖఫ్రే పిరమిడ్‌లో, 1818లో ఇటలీ అన్వేషకుడు బెల్జోనీ ప్రవేశించిన గదిలో, 1960ల చివర్లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త లూయిస్ అల్వారెజ్ బృందం మ్యూయాన్లు లెక్కపెట్టింది. పిరమిడ్లలో ఈ పద్ధతికి అదే ఆరంభం. వాళ్లు చూసిన మేర రహస్య గది ఏదీ లేదని 1970లో ప్రకటించారు. మ్యూయాన్లు పైనుంచి వస్తాయి కాబట్టి పునాది కింది సంగతి అందులో తేలదు, అదీ చెప్పాలి.

ప్ర: మాది బండల గనుల పని. ఇనుము లేకుండా, రాగి ఉలితో అంత రాయి ఎట్లా కొట్టినారు? చెక్క చీలలు దిగగొట్టి నీళ్లు పోసి పగలగొట్టినారంటారు, నిజమా? — ఒక పాఠకుడు, బేతంచెర్ల

జ: మీ నాపరాయి పొరలు పొరలుగా లేస్తుంది కాబట్టి మీకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పిరమిడ్ లోపలి రాయిలో చాలా భాగం పక్కనే, దక్షిణం వైపున్న గనిలోది. అక్కడా గట్టి సున్నపురాయి పొర, దాని కింద మెత్తటి పొర. రాయి చుట్టూ మనిషి పట్టేంత కాలువ తొలిచి, కింది మెత్తటి పొర దగ్గర కర్ర మీటలతో ఎత్తి పెకలించేవాళ్లు. పొర ఎంత మందమో రాయి అంత ఎత్తు. పిరమిడ్ వరుసలన్నీ ఒకే ఎత్తులో లేకపోవడానికి ఇదొక కారణం. సున్నపురాయికి రాగి ఉలి చాలు, కాకపోతే మొన ఊరికే మొద్దుబారుతుంది, పదును పెట్టేవాళ్లు పక్కనే ఉండాలి.

గ్రానైటు దగ్గర రాగి ఉలి పనికిరాదు. అది ఎక్కడో 800 కిలోమీటర్ల దూరంలోని అస్వాన్ నుంచి నైలు మీద వచ్చింది. దాన్ని డోలరైటు అనే గట్టి నల్లరాయి గుండ్లతో దంచి దంచి పొడి చేశారు. కోయాల్సి వస్తే పళ్లు లేని రాగి పట్టీ కింద ఇసుక పోసి ముందుకీ వెనక్కీ లాగారు. కోసేది ఇసుకే, రాగి దాన్ని తిప్పుతుంది. రాజు గదిలోని గ్రానైటు పెట్టె మీద ఆ పని ఇప్పటికీ కనిపిస్తుంది: ఒకచోట కోత దారి తప్పి లోతుకు పోతే, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టిన గీతలు. లోపల తొలచడానికి వాడిన గొట్టపు బర్మా జాడ కూడా ఉంది. దేవతలో గ్రహాంతరవాసులో చేసి ఉంటే కోత తప్పేది కాదు లెండి.

చీలల సంగతి: అస్వాన్‌లో చూపే వరుస గుంతలు చాలా తరువాతి కాలానివి, ఇనుప చీలలు వచ్చాక చేసినవి. ఖుఫు కాలానికి ఆ పద్ధతిని అంటగట్టడం సరికాదు.

ప్ర: ఇంత ఎత్తుకు రాళ్లు ఎక్కించడానికి ఏ రకం వాలుకట్ట వాడారు? లోపలే మెలికలు తిరిగే దారి ఉందన్న వాదన సరైందేనా? — ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, కడప

జ: ముందు ఒక చిన్న లెక్క వేయండి. పిరమిడ్ ఎత్తులో కింది మూడో వంతులోనే మొత్తం రాయిలో 70 శాతం ఉంటుంది (పైన మిగిలేది మూడింట రెండు వంతుల ఘనం, అంటే 8/27). సగం ఎత్తుకు చేరేసరికి 87.5 శాతం పని అయిపోతుంది. 146 మీటర్ల శిఖరం దాకా పదికి ఒకటి వాలుతో తిన్నని కట్ట వేయాలంటే దాదాపు కిలోమీటరున్నర పొడవు, అదీ పిరమిడ్‌తో పోటీపడేంత మట్టి. కింది మూడో వంతుకైతే అర కిలోమీటరు చాలు, గని కూడా ఆ దూరంలోపే. కాబట్టి కింద గని నుంచి కట్ట, పైకి పోయేకొద్దీ పిరమిడ్ ఒంటికి చుట్టుకున్న ఇరుకు దారి అనే కలగలుపే నమ్మదగ్గది. చుట్టు దారికి రెండు తలనొప్పులు: మూలల్లో రాయి ఉన్న బండిని (చక్రాలు లేని, ఈడ్చే చెక్క బండి) తిప్పడం, నాలుగు అంచులూ కట్ట కింద దాక్కుని సర్వేకు చూపు అందకపోవడం.

ఈ తలనొప్పులు తప్పించడానికే ఫ్రెంచి వాస్తుశిల్పి జాన్ పియర్ ఊడాఁ లోపలి మెలిక దారిని ఊహించాడు. 1986లో ఫ్రెంచి బృందం తీసిన గురుత్వ కొలతల్లో రాయి తక్కువున్నట్టు కనిపించిన తేలికపాటి పట్టీని సాక్ష్యంగా చూపుతాడు. ఊహ చక్కనిదే. అయితే అంత పొడవైన దారి ఉంటే మ్యూయాన్ కొలతల్లో మెలిక కనిపించాలి, అది కనిపించలేదు.

గట్టి సాక్ష్యం కావాలంటే ఈజిప్టులోనే ఉన్న హత్నుబ్ అనే పాత రాతిగని చూడండి. 2018లో బయటపెట్టిన ఆ వాలు 20 శాతం పైనే, ఇరుపక్కలా మెట్లు, స్తంభాలు పాతిన గుంతలు. మోకును స్తంభానికి చుట్టి, కిందికి దిగే జట్టు కూడా బరువును పైకి లాగవచ్చు. మరొకటి ఎర్ర సముద్రం ఒడ్డున వాదీ అల్ జర్ఫ్‌లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త పియర్ టాలే 2013లో వెలికితీసిన పపైరస్ పత్రాలు. మేరేర్ అనే జట్టు నాయకుడు నైలు అవతలి ఒడ్డున ఉన్న తురా గనుల నుంచి తెల్ల సున్నపురాయిని పడవల్లో గీజాకు చేర్చిన రోజువారీ లెక్కలు అవి. ప్రపంచంలో మనకు దొరికిన రాత పపైరస్‌లలో ఇంతకంటే పాతవి లేవు.

ప్ర: పిరమిడ్ ఎత్తులో మూడో వంతు దగ్గర శక్తి కేంద్రం ఉంటుందని, ఖుఫు తన గదిని అక్కడే కట్టించాడని అంటారు. — ఒక పాఠకురాలు, కర్నూలు

జ: ధ్యానం చేసుకోండి, మంచిదే. కొలత మాత్రం కుదరదు. రాజు గది నేల సుమారు 43 మీటర్ల ఎత్తున ఉంది, అంటే 29 శాతం. పైగా సరిగ్గా శిఖరం కిందా లేదు, దక్షిణానికి జరిగి ఉంది.

ప్ర: తడి ఇసుక మీద బండిని లాగితే తేలికవుతుందన్న సంగతిని మా ఎనిమిదో తరగతి పిల్లలకు చేసి చూపొచ్చా? — ఒక టీచర్, అనంతపురం

జ: బాగా చూపొచ్చు. జెహూతిహోతెప్ అనే ప్రాచీన ఈజిప్టు అధికారి సమాధి గోడ మీద 172 మంది ఒక పెద్ద విగ్రహాన్ని లాగుతుంటే, బండి ముందు ఒకడు నీళ్లు పోస్తున్న బొమ్మ ఉంది. 2014లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు కొలిచి చూస్తే, సరైన తడి ఉంటే లాగే బలం దాదాపు సగానికి తగ్గింది. రెండున్నర టన్నుల రాయి, పదికి ఒకటి వాలు, మనిషికి 40 కిలోల లాగుడు అనుకుంటే పొడి ఇసుకలో 40 మంది, తడి ఇసుకలో 25 మంది అవుతారు.

పెన్న ఇసుకను జల్లెడ పట్టి, ఎండలో బాగా ఆరబెట్టి, పొడవాటి తొట్టిలో 10 లీటర్లు పోసి చదును చేయండి. అడుగు పొడవు చెక్క మీద ఇటుక కట్టండి. చెక్క ముందు అంచును గుండ్రంగా చెక్కవద్దు. వేలాడే స్ప్రింగ్ కాటా తగిలించి మెల్లగా, ఒకే వేగంతో లాగుతూ, కదిలాక నిలకడగా ఉన్న అంకెను రాసుకోండి. కదలక ముందు వచ్చే పెద్ద అంకెను విడిగా రాయాలి, రెండూ కలిపితే లెక్క చెడుతుంది. తర్వాత 100 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు చల్లి, అడుగు దాకా కలిపి, మళ్లీ చదును చేసి లాగండి. మొత్తం నీళ్లు 300 నుంచి 500 మిల్లీలీటర్ల మధ్య ఉన్నప్పుడు అంకె బాగా పడిపోవాలి. ఇసుక రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది.

పొడి ఇసుకలో చెక్క ముందు చిన్న కుప్ప పేరుకోవడం పిల్లలకు చూపండి, ఎక్కువ బలం దాన్ని తోయడానికే పోతుంది. కొద్దిపాటి నీరు రేణువులను పట్టి ఉంచి ఆ కుప్పను రానివ్వదు. నీళ్లు మరీ ఎక్కువైతే ఆ పట్టు పోయి ఇసుక జారుడవుతుంది, చెక్క కూరుకుపోయి అంకె మళ్లీ పెరుగుతుంది. చాలామంది పైపైన నీళ్లు చల్లి వదిలేస్తారు. పైన బురద, కింద పొడి ఉండి ప్రతిసారీ వేరే అంకె వస్తుంది, అందుకే కలపడం ముఖ్యం.