మెదడు సంకేతాలతో టైప్ చేసే పద్ధతి ఒకటుంది: స్క్రీన్ మీద అక్షరానికో గడి, ఒక్కో గడి ఒక్కో వేగంతో మిణుకుమంటుంది. అలాంటి గడిని చూస్తే ఏ అక్షరం కావాలో కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది?

మనసులో ఏముందో దానికి తెలియదు. చూపు ఏ గడి మీద నిలిచిందో మాత్రమే తెలుస్తుంది. సెకనుకు 12 సార్లు వెలిగి ఆరే గడిని చూస్తుంటే, తల వెనక భాగంలో ఉండే దృష్టి కార్టెక్స్ (చూపు పని చూసే మెదడు పొర) కూడా అదే తాళంలో, అంటే 12 హెర్ట్జ్‌లో స్పందిస్తుంది. దానికి రెండింతలు, మూడింతలైన 24, 36 హెర్ట్జ్ దగ్గర కూడా ఆ సంకేతంలో చిన్న శిఖరాలు కనిపిస్తాయి. ఈ స్పందననే ఎస్‌ఎస్‌వీఈపీ (స్టెడీ స్టేట్ విజువల్లీ ఇవోక్డ్ పొటెన్షియల్) అంటారు.

తల వెనక చేతికి ఉబ్బెత్తుగా తగిలే ఎముకకు కాస్త పైన జెల్ రాసి, మెదడు విద్యుత్ సంకేతాలను పట్టే ఎలక్ట్రోడ్లు పెడతారు. దొరికేది కొన్ని మైక్రోవోల్టులే. దానికి తోడు కరెంటు లైన్ల 50 హెర్ట్జ్ రొద! నేరుగా గీతలు చూస్తే ఏమీ అర్థం కాదు. ఫ్రీక్వెన్సీలుగా విడదీస్తేనే 12 దగ్గర మొన తేలుతుంది.

అసలు తంటా స్క్రీన్‌తో. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు చూపిస్తుంది. అందులో 12 హెర్ట్జ్ కావాలంటే 5 ఫ్రేములకోసారి వెలిగి ఆరాలి, 15కి 4 ఫ్రేములకోసారి. మరి 11కి? భాగారం సరిగ్గా పోదు. అందుకే గడిని ఆర్పి వెలిగించే బదులు, వెలుగును సైన్ తరంగంలా ఫ్రేము ఫ్రేముకీ మారుస్తారు. 2015లో చైనా, అమెరికా పరిశోధకులు ఇలాగే 8 నుంచి 15.8 హెర్ట్జ్ దాకా 0.2 తేడాతో 40 గడులు పెట్టి, నిమిషానికి సుమారు 60 అక్షరాలు రాయించారు. నా దృష్టిలో ఫ్రేముల లెక్కే ఇందులో అందమైన భాగం.

ఒక్క మాట: వెలుగు మిణుకులకు మూర్ఛ వచ్చేవాళ్లు దీని జోలికి వెళ్లకూడదు.