రండి అంటే ఠండీ అయింది
కుట్టుపని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బొంత మీద పీలికలతో అక్షరాలు అతికే పని గురించి ఆమధ్య రాశాను. మూస ఉండదు, గుడ్డ మీద గీత గీయడం ఉండదు. చేతికొచ్చినట్టు పీలికలు కత్తిరించుకుని, ఒకదానికొకటి కుట్టుకుంటూ పోతే అక్షరం తయారవుతుంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. కొన్నింటిలో సందేహాలు, కొన్నింటిలో తిట్లు. తిట్లకు కూడా జవాబు రాశాను.

ప్రశ్న: ఇంగ్లిష్‌లో ఎల్, టి, హెచ్, ఇ లాంటివి పీలికలతో తేలిగ్గానే వచ్చాయి. తెలుగులో కుడదామని కూర్చుంటే ఒక్కటీ కుదరడం లేదు. మన అక్షరాలేమో గుండ్రం, పీలికలేమో నిటారు. గుడ్డను వంపుగా కత్తిరించి కుడితే ముడతలు పడుతోంది. ఈ పద్ధతి తెలుగుకు పనికిరాదంటారా?

జవాబు: పనికొస్తుంది. వంపుగా మాత్రం కత్తిరించకండి. వంపులో గుడ్డ అంచు క్రాసులో, అంటే నేత పోగులకు ఏటవాలుగా పడుతుంది కాబట్టి పట్టుకుంటే సాగుతుంది, కుడితే ముడత పడుతుంది. మీ చేతిలో తప్పేం లేదు.

నిటారు పీలికలతోనే చేద్దాం. గుండ్రదనం సంగతి చూసేవాళ్ల కన్ను చూసుకుంటుంది. మొదటి పాఠంగా 'రంగం' అని కుట్టండి. అర్థం కోసం కాదు, అందులో ఉన్నవి మూడు డబ్బాలూ ఒక గుమ్మమే. ర ఒక డబ్బా, సున్నా ఒక డబ్బా, గ ఒక గుమ్మం, చివర మళ్లీ సున్నా.

ర సంగతి చూద్దాం. అందరూ ముందు అక్షరం రంగు గుడ్డ తీసుకుని పీలికలు కోస్తారు. నేను ముందు మధ్యలో ఖాళీని కోస్తాను, అంటే నేలగుడ్డ (అక్షరం వెనక కనిపించే గుడ్డ) ముక్కని. సుమారు 2½ అంగుళాల చదరం. దానికి కుడి ఎడమల 1½ అంగుళం వెడల్పు పీలికలు కుట్టి, ఇస్త్రీ చేసి, మిగిలింది కత్తిరించండి. ఆ తర్వాత పైన ఒకటి, కింద ఒకటి. అన్ని కుట్లకూ పావు అంగుళం వదిలితే 4½ అంగుళాల డబ్బా వస్తుంది. పక్క అక్షరాలతో కలిపి కుట్టాక 4 అంగుళాలు మిగులుతుంది. ఇప్పుడు నాలుగు మూలల మీదా నేలగుడ్డవే 1½ అంగుళం చదరాలు బోర్లా పెట్టి, మూల నుంచి మూలకు ఏటవాలుగా కుట్టి, పైకి మడిచి ఇస్త్రీ చేయండి. కింద మిగిలిన మూల కోసేయండి. మూలలు తెగిన డబ్బాని నాలుగడుగుల దూరం నుంచి చూసిన ఎవరూ దాన్ని డబ్బా అనరు, సున్నా అంటారు.

గుమ్మం ఇంకా తేలిక. 2½ వెడల్పు, 3½ పొడవు నేలగుడ్డ ముక్క తీసుకుని, రెండు పక్కలా కాళ్లు, పైన అడ్డకమ్మీ కుట్టండి. కింద ఏమీ వద్దు.

ఇక తలకట్టు. అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. అక్షరానికి అతికించాలని చూడకండి. తలకట్టుకు వేరే ముక్క తయారుచేసి అక్షరం నెత్తిన కుట్టండి. నేలగుడ్డ ముక్క కావలసిన దానికన్నా అన్ని వైపులా ఒక అంగుళం పెద్దదిగా తీసుకోండి. ఎడమవైపు ఏటవాలుగా ఒక కోత కోసి సన్న పీలిక ఇరికించి కుట్టండి, అది పొట్టి కొమ్మ. ఇస్త్రీ. తర్వాత దాని కింది కొసను తాకేలా, ఎదురు వాలుగా, ముక్క పొడవునా ఇంకో కోత. అందులో ఇరికించేది పొడుగు కొమ్మ. ఈ వరస తారుమారైతే పొట్టి కొమ్మ పొడుగు కొమ్మని దాటి అవతలికి పోతుంది, తలకట్టు కాస్తా ఇంటూ గుర్తు అవుతుంది. ముక్కముక్కగా విప్పుకున్న అనుభవంతో చెబుతున్నాను.

ఇరికించే పీలికకు ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు. ముక్కను రెండుగా కోసి మధ్యలో ఒక అంగుళం పీలిక కుడితే ముక్క వెడల్పు మారదు. ఒక్కో కుట్టులో రెండు అంచుల నుంచీ పావు చొప్పున, రెండు కుట్లలో కలిపి అంగుళం పోతుంది, పీలిక వల్ల అంగుళం వస్తుంది. అంతకన్నా వెడల్పు పీలికైతే ముక్క పెరుగుతుంది, సన్నదైతే తగ్గుతుంది. నేను తలకట్టుకి ముప్పావు అంగుళం వాడతాను, కుట్టాక పావు అంగుళం గీత కనిపిస్తుంది.

ఒత్తులు, గుడి, ఏత్వం ఉన్న మాటలకి మూడంతస్తుల ఇల్లు కట్టండి. పైన 2 అంగుళాల వరస, మధ్యలో 4, కింద 2. ఏ అక్షరానికైనా పైనా కిందా ఏమీ లేకపోతే అక్కడ ఉత్త నేలగుడ్డ ముక్క పెడితే సరి. ఇంగ్లిష్‌లో వై, జి లాంటి చిన్నబడి అక్షరాల తోకలకు పడే తిప్పలే ఇవి కూడా.

ఒప్పుకోవలసింది ఒకటుంది. య, మ, హ, ఋ లాంటివి నేను పీలికలతో కుట్టను. ఒకసారి 'మ' మీద ఒక ఆదివారం మొత్తం పోగొట్టుకున్నాను. వాటిని గుడ్డలో కత్తిరించి పైన అప్లిక్ వేసేస్తాను. ఒకే మాటలో సగం అతుకు, సగం అప్లిక్ ఉంటే ఎవరూ కేసు పెట్టరు.

ప్రశ్న: కాగితం మీద అచ్చు పెట్టి కుట్టినప్పుడు అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడింది. ఇందులోనూ అంతేనా?

జవాబు: తిరగబడదు. కాగితం పద్ధతిలో గుడ్డను కాగితం వెనకవైపు పెట్టి కుడతాం, అందుకే అచ్చును తిప్పి గీసుకోవాలి. ఇక్కడ అక్షరాన్ని ఎదురుగా చూస్తూనే కడుతున్నాం. పీలికని మాత్రం ఏ పక్క కుట్టాలో బల్ల మీద పరిచి చూసుకుని, అప్పుడే మిషన్ కిందికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఎంతో కష్టపడి గోడకు వేలాడదీసే బొంత మీద నాలుగు మాటలు కుట్టాను. అందరూ 'బాగుంది' అంటున్నారు కానీ ఒక్కరూ చదవలేకపోయారు. గుడ్డలన్నీ మంచి పూలవి, ఖరీదైనవి. లోపం ఎక్కడ?

జవాబు: ఆ పూలలోనే. పెద్ద పూల గుడ్డని 1½ అంగుళం పీలికగా కోస్తే ఒక చోట ఎర్ర రేకు, ఒక చోట తెల్ల నేల, ఇంకో చోట ఆకు. ఒకే కాలు మూడు రంగుల్లో కనిపిస్తుంటే కన్ను దాన్ని ఒక గీతగా ఎలా పట్టుకుంటుంది? అక్షరానికి సాదా గుడ్డ గానీ, దూరం నుంచి సాదాగా కనిపించే చిన్న చుక్కల గుడ్డ గానీ వాడండి. రంగు కన్నా ముఖ్యం ముదురూ లేతా తేడా. ఎరుపూ ఆకుపచ్చా చూడ్డానికి ఆమడ దూరం, ముదురు సమానమైతే అక్షరం కలిసిపోతుంది. గుడ్డలు పక్కపక్కన పెట్టి ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీయండి. రెండూ ఒకే బూడిద రంగులో వచ్చాయంటే ఆ జంట వద్దు.

నేలగుడ్డ విషయంలో నాకు జరిగింది వినండి. గుమ్మం పక్కన వేలాడదీయడానికి 'రండి' అని కుట్టాను. డి దగ్గర నాలుగుసార్లు విప్పి మళ్లీ కుట్టాను. నేలకి తెల్ల గుడ్డ మీద పెద్ద పెద్ద నల్ల చుక్కలది వాడాను, ముచ్చటగా ఉందని. ర మధ్యలో ఖాళీ కోసేటప్పుడు ఒక చుక్క సరిగ్గా నడిమధ్యన పడింది. నేను చూసుకోలేదు. సున్నాలో మరొకటి పడి కంటిపాపలా తయారైంది. వేలాడదీసిన రోజున వచ్చిన మొదటి అతిథి గుమ్మంలోనే నిలబడి 'ఠండీ' అని చదివి, 'ఏం, లోపల అంత చలిగా ఉందా?' అన్నారు. ర కడుపులో చుక్క పెడితే ఠ అవుతుందని ఒకటో తరగతిలో నేర్చుకున్నదే. ఆ బొంత ఇప్పటికీ అలాగే ఉంది, విప్పడానికి మనసు రాలేదు.

కాబట్టి ఖాళీ ముక్కని కూడా అక్షరంలో భాగంగానే చూసి కోయండి. ద అడుగున చిన్న గీత పడితే ధ, దాని పొట్టలో చుక్క కూడా తోడైతే థ. మన లిపిలో గుడ్డ మీది బుటా ఒక్కటి చాలు, అర్థం మార్చేస్తుంది.

ప్రశ్న: అక్షరాలన్నీ ఒకే ఎత్తు రావడం లేదు. ఒకటి 6 అంగుళాలు, పక్కది 5, ఇంకోటి 6½.

జవాబు: రాకపోవడమే అందం. పొట్టి వాటికి పైనో కిందో నేలగుడ్డ పీలిక అతికి, అన్నింటినీ సమంగా కోయండి. అన్నింటికీ కిందే అతికితే అక్షరాలు గాల్లో తేలినట్టుంటాయి. ఒకదానికి పైన, ఒకదానికి కింద అతికితే గంతులేస్తాయి. పొడుగు దాన్ని కోసి పొట్టి చేయాలనుకుంటే మాత్రం అక్షరం చుట్టూ కనీసం అర అంగుళం నేల మిగిలేలా చూడండి. అందులో పావు అంగుళం తర్వాతి కుట్టులో పోతుంది. అది మరిచిపోతే తలకట్టు తల తెగుతుంది.

ప్రశ్న: మీ మాట విని వంకర అక్షరాలతో బొంత మొదలుపెట్టాను. మా ఇంట్లో అందరూ 'కొలత తప్పిందా, కళ్లజోడు మార్చాలా' అని ఒకటే నవ్వులు. స్కేలు పెట్టి కోస్తే ఏం పోయింది? ఇది బద్ధకాన్ని కళ అనడం కాదా?

జవాబు: బద్ధకస్తులు ఒక అక్షరం కోసం పన్నెండుసార్లు ఇస్త్రీ పెట్టె దగ్గరికి లేచి వెళ్లరు లెండి.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు తరతరాలుగా మాసి చిరిగిన పనిబట్టల్ని కోసి, మూసలు లేకుండా కంటి అంచనాతో బొంతలు అతికారు. చలికి కప్పుకోవడానికి కుట్టుకున్నవే. 2002లో హ్యూస్టన్‌లోని లలితకళల మ్యూజియం వాటిని గోడలకెక్కించింది. 2006లో అమెరికా తపాలా శాఖ ఆ బొంతల బొమ్మలతో పది స్టాంపులు వేసింది. మీ ఇంట్లోవాళ్లకు ఈ పేరా చదివి వినిపించండి.

అయితే మీకూ ఒక మాట. వంకర వేరు, ముడత వేరు. అక్షరం ఎంత వంగినా పర్వాలేదు, కుట్టిన ముక్క బల్ల మీద చదునుగా పడాలి. మధ్యలో బుడగలా లేచినా, అంచులు అలల్లా ఆడినా అది కళ కాదు, కుట్టేటప్పుడు గుడ్డని లాగారని అర్థం. ప్రతి అతుకు తర్వాత ఇస్త్రీ చేయాలి. అదీ రుద్దకుండా, పెట్టెను ఎత్తి అదమాలి.

ప్రశ్న: ముక్కలు కోస్తుంటే ముందు కుట్టిన కుట్లు కొసల్లో విడిపోతున్నాయి.

జవాబు: కుట్టు పొడవు తగ్గించండి. మామూలుగా 2.5 మిల్లీమీటర్లకు పెట్టుకుంటాం. ఈ పనికి 2 గానీ ఇంకా తక్కువ గానీ పెట్టండి. ఇందులో కుట్టిన దాన్నే మళ్లీ మళ్లీ అడ్డంగా కోస్తాం, కొసల్లో వెనక్కి కుట్టి ముడి వేసే వీలుండదు. చిన్న కుట్టైతే పట్టు వదలదు. విప్పాల్సి వచ్చినప్పుడు నన్ను తిట్టుకుంటారు, తెలుసు.

ప్రశ్న: మా అన్నయ్య పోయి ఏడాది కావస్తోంది. తన చొక్కాలు, టీషర్టులు నా దగ్గరున్నాయి. వాటితోనే తన పేరు కుట్టి బొంత చేయాలనుంది. కత్తెర పెట్టడానికి చెయ్యి రావడం లేదు. ఎలా మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు: తొందరేమీ లేదమ్మా. ముందు ఏదైనా పాత దుప్పటి మీద అదే పేరు ఒకసారి కుట్టి చూడండి. చెయ్యి తడబడేదంతా దాని మీద తడబడనివ్వండి.

మీ ఉత్తరం చదివితే ఎయిడ్స్ బొంత గుర్తొచ్చింది. ఆ జబ్బుతో పోయినవాళ్ల పేర్లతో, ఒక్కొక్కరికి 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు గుడ్డ తయారుచేసి, 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ మైదానంలో పరిచారు. ఆ రోజుకే 1,920 ఉన్నాయి. కొన్నింటి మీద అక్షరాలు కుట్టారు, కొన్నింటి మీద రంగుతో రాశారు. ఇక్కడ కుట్టు సొగసు ఎవరూ చూడరు, పేరు కనిపిస్తే చాలు.

అందరూ చొక్కాలతో అక్షరాలు చేసి, కొత్త గుడ్డ నేలగా వేస్తారు. మీరు దానికి ఎదురు చేయండి. అక్షరాలకు ఒకే ముదురు రంగు సాదా గుడ్డ కొనండి, నేలకి చొక్కాలు వాడండి. బొంతలో ఎక్కువ జాగా నేలదే, అన్నయ్య చొక్కాలు అప్పుడే బాగా కనిపిస్తాయి. లేత రంగువీ సన్న గీతలవీ అయితే పేరు కూడా స్పష్టంగా చదవొచ్చు. టీషర్టు గుడ్డ సాగుతుంది కాబట్టి, కోయడానికి ముందే వెనకవైపు ఇస్త్రీతో అతుక్కునే పల్చటి ఫ్యూజింగ్ వేయండి. ముదురు గుడ్డ ఏదైనా ఉంటే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు దిగితే దాన్ని పక్కన పెట్టేయండి.

జేబు ఉన్న చొక్కాని ముక్కలు చేయకండి. ఆ జేబు మొత్తం పట్టేంత పెద్దగా ఒక ఖాళీ ముక్క కోసి, పేరు చివర పెట్టండి. గుండీల పట్టీ ఉంటే గుండీలు తీసి కుట్టి, తర్వాత వాటి చోట్లలోనే మళ్లీ కుట్టుకోవచ్చు. మిషన్ సూది గుండీకి తగిలితే విరుగుతుంది.

పైగుడ్డ, దూది, అడుగు గుడ్డ మూడూ కలిపి పరిచాక జానెడు దూరం కూడా లేకుండా పిన్నీసులు పెట్టండి. చేత్తోనే కుట్టండి. అక్షరాల మీద కుట్టు వేయకుండా చుట్టూ నేల మీద దగ్గర దగ్గరగా వేసుకుంటూ పోతే నేల అణిగి పేరు కాస్త పైకి లేస్తుంది. చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది.

అడుగు గుడ్డ కోసం తన లుంగీ గానీ దుప్పటి గానీ ఉంటే కొత్తది కొనకండి. మిగిలిన కాలర్లు, కఫ్‌లు పారేయకుండా ఒక సంచిలో వేసి ఉంచండి. ఎప్పుడైనా మాసిక వేయాల్సి వస్తే పనికొస్తాయి.