శ్రీకాకుళంలో కొత్త ఇంటికి సోలార్ వాటర్ హీటరు: డాబా మీద ఏది ఎక్కడ ఉండాలి?

శ్రీకాకుళంలో రెండంతస్తుల ఇల్లు కట్టుకుంటున్నామనీ, నీళ్ల ట్యాంకు నైరుతి మూలన మెట్ల గది మీద వస్తుందనీ, స్నానాల గదులు వాయవ్యంలో ఉన్నాయనీ, ఆరుగురికి సరిపడే 200 లీటర్ల సోలార్ హీటరును డాబా మీద ఎక్కడ పెట్టించాలో చెప్పమనీ అడిగారు. విజయనగరంలోని మా ఇంట్లో చోటు సరిగా చూసుకోకుండా బిగించి, మూడు చలికాలాలు ఇబ్బంది పడి, చివరకు హీటరును మొత్తం విప్పించి మరోచోట పెట్టించినవాణ్ణి కనుక, స్లాబు వేయకముందే మీరు ఈ ప్రశ్న అడిగినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

మా ఇంటికి వచ్చిన మేస్త్రీ, చన్నీళ్ల పైపు కలిసివస్తుందని చెప్పి, హీటరును మెట్ల గదికి ఉత్తరం పక్కన, గోడకు ఆరడుగుల దూరంలో నిలబెట్టాడు. అది ఏప్రిల్ నెల. ఎండ నడినెత్తిన ఉంది, నీడ గోడ మొదట్లోనే ఆగిపోయింది. మార్గశిరం వచ్చేసరికి అదే గోడ నీడ పదకొండు గంటల నుంచి ఒంటిగంట దాటేదాకా, అంటే ఎండ బాగా కాచే వేళలోనే, హీటరులో ఎండను పట్టి నీళ్లు కాచే గాజు ట్యూబుల మీద పరచుకుని ఉండేది. మన జిల్లాలు దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన సుమారు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి, పది అడుగుల గోడ నీడ ఉత్తరానికి తొమ్మిది అడుగుల దాకా సాగుతుంది. ఉదయం తొమ్మిదికి అదే నీడ వాయవ్యం వైపు పదిహేడడుగులు దాటుతుంది. వేడినీళ్లు కావలసింది ఆ నెలల్లోనే కనుక, చోటు నిర్ణయించవలసింది ఆ నీడను బట్టే.

మీ మెట్ల గదీ దాని మీది ట్యాంకూ కలిపి 12 అడుగుల ఎత్తు వస్తాయనుకుంటే, ఆ గది ఉత్తరపు గోడకు 15 అడుగులు వదిలి వాయవ్యం వైపు, ట్యూబులు దక్షిణానికి తిరిగి ఉండేలా హీటరు పెట్టించండి. అప్పుడు ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా గది నీడ దాని మీద పడదు. పిట్టగోడ నీడనూ, దక్షిణం పక్క ఖాళీ స్థలంలో రేపు ఎవరైనా మేడ కడితే వచ్చే నీడనూ కూడా ఇప్పుడే లెక్కలోకి తీసుకోండి.

వాయవ్యమే ఎందుకంటే స్నానాల గదులు దాని కిందే ఉన్నాయి. చన్నీళ్ల పైపు ఎంత పొడవైనా నష్టం లేదు, వేడినీళ్ల పైపు మాత్రం పొట్టిగా ఉండాలి. మా పాత పైపు 18 మీటర్లు. వేడినీళ్లకు వాడే ముప్పావు అంగుళం సీపీవీసీ ప్లాస్టిక్ పైపులో మీటరుకు సుమారు పావు లీటరు నీరు నిలుస్తుంది కనుక, ధనుర్మాసంలో తెల్లవారుజామున మా అమ్మగారు కుళాయి తిప్పి, ధార కింద వేలు పెట్టి చూస్తూ, బకెట్టు పావు వంతు నిండేదాకా చలిలో నిలబడవలసి వచ్చేది. ఇప్పుడు ఆ పైపు ఐదు మీటర్లు. లీటరు పైచిలుకు నీళ్లు పోగానే వేడి తగులుతుంది. వేడి పోకుండా పైపుకు తొడుగు వేయించండి. దారిలో ఎక్కడా పైకి లేచి మళ్లీ కిందికి దిగకుండా చూడండి, లేకపోతే గాలి పట్టి ధార ఆగిపోతుంది.

ఎత్తు విషయం మరీ ముఖ్యం. ఇలాంటి హీటరులో చన్నీళ్లు కింది నుంచి వచ్చి, పైన ఉన్న వేడినీళ్లను బయటికి తోస్తాయి. అందుచేత పై ట్యాంకు అడుగుభాగం, స్టాండు మీద నిలబెట్టిన సోలార్ ట్యాంకు నెత్తి కంటే ఎత్తున ఉండి తీరాలి. లేకపోతే పై ట్యాంకులో నీరు తగ్గినప్పుడు, సోలార్ ట్యాంకు నిండా వేడినీళ్లున్నా కుళాయికి చుక్క రాదు. మీ ట్యాంకు మెట్ల గది మీదే ఉంది కాబట్టి ఆ చిక్కు ఉండదు, అయినా కొలిపించుకోండి. సోలార్ ట్యాంకు నుంచి లేచే గాలి పైపు, పై ట్యాంకు నిండినప్పటి నీటిమట్టం కంటే ఎత్తుకు వెళ్లి తెరిచే ఉండాలి. దానికి వాల్వు పెట్టనివ్వకండి. హీటరుకు వెళ్లే చన్నీళ్ల పైపును స్నానాల గది లైనులో కలపకుండా ట్యాంకు నుంచి విడిగా తెప్పించండి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరితోటలు ఏమయ్యాయో మీరు చూసే ఉంటారు. నీళ్లతో కలిపి 200 లీటర్ల హీటరు పావు టన్ను పైగానే బరువుంటుంది, అయినా బోల్టులు లేకుండా ఇటుకల మీద నిలబెట్టిన స్టాండును నేను నమ్మను. పిట్టగోడకు మూడు నాలుగు అడుగులు లోపలికి, బీముల మీదికి వచ్చేలా చిన్న కాంక్రీటు దిమ్మెలు పోయించి, స్టాండు కాళ్లను వాటికి బోల్టులతో బిగించాలి. ట్యూబులు తుడవడానికీ మార్చడానికీ మనిషి నిలబడే చోటు కూడా అలా మిగులుతుంది.

స్లాబు పోసే ముందురోజు ఆ దిమ్మెల స్థానాలు మేస్త్రీకి గుర్తుపెట్టి చూపించి, స్నానాల గది గోడ పక్కన వేడినీళ్ల పైపు దిగడానికి తొడుగుతో సహా సరిపడే రంధ్రం వదిలించండి. మేము పోసిన స్లాబును తర్వాత తొలిపించవలసి వచ్చింది, ఆ చుట్టూ చెమ్మ ఇప్పటికీ దిగుతోంది.