డ్యామేజీ అని రాసే ముందు

విశాఖపట్నం

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

ఇన్సూరెన్సు కంపెనీ కోసం పాడైన సరుకు చూసి నువ్వు రాసిన మొదటి సర్వే రిపోర్టు రెండుసార్లు చదివాను. ఒక్క పేజీలో డ్యామేజ్ అనే మాట పద్నాలుగు చోట్ల ఉంది. లెక్కపెట్టాన్రా, రిటైరైనవాడికి ఇంతకంటే పనేముంది! అందులో ఆరు చోట్ల డ్యామేజెస్ అన్నావు. మిగతావి మెల్లిగా సర్దుకుంటాయి గానీ ఇది ఇప్పుడే మానుకో.

సరుక్కి జరిగిన నష్టం ఎంత పెద్దదైనా ఇంగ్లీషులో డ్యామేజే. ఇసుక, పంచదార లాగా దానికి బహువచనం ఉండదు. చివర ఎస్ తగిలించావో, అది కోర్టు ఇప్పించే నష్టపరిహారం, అంటే డబ్బు. మనం మాటల్లో డ్యామేజీలు అనేస్తాం కాబట్టి చెయ్యి అలవాటుగా ఎస్ రాసేస్తుంది. నేనూ రాశాను. కొత్తలో ఒక పప్పుల లోడు చూసి "మాకు కనిపించిన డ్యామేజెస్" అని రాస్తే, ఎదుటి పక్షం ప్లీడరు బోనులో నిలబెట్టి, "పరిహారం తేల్చడానికి మీరెవరండీ, జడ్జిగారా?" అన్నాడు. హాలంతా నవ్వింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 73వ సెక్షన్ తీసి చూడు. ఒప్పందం తప్పితే కలిగిన "లాస్ ఆర్ డ్యామేజ్"కి పరిహారం అని ఉంటుంది. అక్కడ ఎస్ లేదు.

లాస్, డ్యామేజ్ అనే ఆ రెండు మాటలూ కూడా ఒకటి కావు. వంద బస్తాల్లో పది గల్లంతైతే లాస్. పది తడిస్తే డ్యామేజ్: వస్తువు ఉంది, విలువ పడిపోయింది. కళాసీకి కాలు విరిగితే మాత్రం ఇంజురీ అను, మనిషిని సరుకులో కలపకు. పరువు డ్యామేజ్ అయిందని జగదాంబ దగ్గర టీ తాగుతూ అంటారు చూశావా, అది ఇంగ్లీషులోనూ చెల్లుతుంది.

అసలు సంగతి వేరే. ఆ మాట సరిగ్గా రాసినా ఏమీ చెప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఏ గోడౌనుకి వెళ్లినా "తుపాను డ్యామేజీ సార్" అన్నారు. లోపలికెళ్తే పైరేకు లేచిపోయి వానకి తడిసిన బస్తాలు, నేల మీది నీటికి అడుగు వరస ఉబ్బినవి, తుపానుకి ముందే బూజు పట్టినవి, అన్నీ ఒక్క కుప్పలో! మూడింటికీ కారణాలు మూడు. కంపెనీ డబ్బిచ్చేది కారణం చూసే. అందుకని ముందు తెలుగులో ఆలోచించు. సొట్టపడిందా, బీటవారిందా, చిరిగిందా, తుప్పెక్కిందా, గడ్డకట్టిందా? మన దగ్గర దెబ్బకో మాట ఉండగా అన్నిటినీ ఒక్క డ్యామేజీ కింద తొక్కేస్తామేం?

కంటైనర్‌లో సరుకు తడిసిందంటే, ఖాళీ చేయించాక లోపల నిలబడి తలుపులు మూయించు. బయట నీ మనిషి ఒకడు కాపలా ఉండాల్రోయ్! ఎక్కడైనా వెలుతురు చుక్కలా కనిపిస్తే అదే చిల్లు. చిల్లు లేకుండా కప్పు కింది వరసే తడిస్తే, లోపలి చెమ్మే చెమటలా పట్టి కారిందేమో చూడు. తర్వాత తడి మరక మీద సిల్వర్ నైట్రేట్ చుక్క వెయ్యి. పాలలా తెల్లబడితే సముద్రపు ఉప్పునీరని అనుమానించు, వెంటనే తీర్పు చెప్పేయకు. కొళాయి నీటికీ కొంచెం తెల్లబడొచ్చు. అదే లాటులో పొడిగా ఉన్న బస్తా మీద కూడా ఓ చుక్క వేసి పోల్చి, రెండూ రాయి.

సిల్వర్ నైట్రేట్ ఉన్న నా పాత గోధుమరంగు సీసా బల్ల సొరుగులోనే ఉంది. ఆదివారం భోజనానికి వచ్చి పట్టుకెళ్లు. చేతికి అంటనీయకు, నల్లమచ్చ రోజుల తరబడి పోదు. ఓసారి ఆ వేళ్లతోనే వడ్డించబోతే మీ అత్తయ్య గరిటె లాక్కుంది.

రిపోర్టు తిరగరాసి తీసుకురా.

మావయ్య