మెష్ నెట్‌వర్క్ కంపెనీ ఇంటర్నెట్‌కు బదులుగా నిలబడుతుందా?

ఊరివాళ్లే నడుపుకొనే మెష్ నెట్‌వర్క్ వర్ధమాన దేశాల్లో కంపెనీల ఇంటర్నెట్ స్థానాన్ని తీసుకోగలదా, తీసుకోవాలంటే ఏమేం ఉండాలి అని అడిగారు. 16 నోడ్లున్న (అంటే కప్పు మీద రౌటర్ బిగించిన 16 ఇళ్లున్న) అలాంటి నెట్‌వర్క్ నిర్వహణలో నేను నాలుగేళ్లు పనిచేశాను. ఆ అనుభవంతో చెప్పాలంటే మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది, రెండవదానికే ఎక్కువ చోటు కావాలి.

ఆ స్థానాన్ని పూర్తిగా తీసుకోవడం మెష్ వల్ల కాదు. మెష్ అంటే ఇళ్ల కప్పుల మీది రౌటర్లు ఒకదాని సమాచారాన్ని మరొకటి మోసుకుపోవడం. అది ఊరి లోపలి దారి మాత్రమే. ఊరు దాటే దారిని ఎవరి దగ్గరో కొనుక్కోవాలి, లేదా ఎవరైనా ఇవ్వాలి. అర్జెంటీనాలోని కోర్డోబా ప్రాంతంలో అల్టర్‌ముండీ అనే సంస్థ తోడ్పాటుతో నడిచే కింతానాలిబ్రే నెట్‌వర్క్‌కు ఆ దారి అక్కడి విశ్వవిద్యాలయం ద్వారా దొరికింది. నేపాల్‌లో మహావీర్ పున్ నాంగీ గ్రామాన్ని కొండల మీది రిలే కేంద్రాల ద్వారా పోఖరా నగరంతో కలిపారు. ఆయనకు 2007లో మెగసెసే పురస్కారం వచ్చింది. (కచ్చితంగా చూస్తే అది మెష్ కాదు, కొండ నుంచి కొండకు కట్టిన గొలుసు. ఊరివాళ్లు నడిపే ప్రతి నెట్‌వర్క్‌నూ మెష్ అనేయడం అలవాటైపోయింది.) అందువల్ల కంపెనీతో అవసరం తీరిపోదు. ఇంటింటికీ విడివిడిగా కొనే బదులు ఊరంతా కలిసి ఒక్కచోట కొని, పంచుకునే పద్ధతిని తామే నిర్ణయించుకోవచ్చు. నా దృష్టిలో అది చిన్న లాభమేమీ కాదు.

ఏ రౌటర్ ద్వారా వెళితే దగ్గర దారి అని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు సమస్య కాదు. బెర్లిన్‌లో ఇలాంటి నెట్‌వర్క్‌లు నడిపే ఫ్రైఫుంక్ సముదాయంలో పుట్టిన బ్యాట్‌మన్ ప్రొటోకాల్ (ఆ దారిని లెక్కగట్టే పద్ధతి) 2011 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలోనే ఉంది. కష్టమంతా గాలిలో ఉంది. ఒకే రేడియో (సంకేతాలను అందుకుని, పంపే భాగం) ఉన్న రౌటర్ ఒక ఛానెల్‌లో విన్నదాన్ని అదే ఛానెల్‌లో మళ్లీ పంపాలి, కానీ వింటూ ఉన్నంతసేపు పంపలేదు. దాంతో ఒక్కో మజిలీ పెరిగినప్పుడల్లా వేగం సుమారు సగానికి పడిపోతుంది. నాలుగో ఇంటికి చేరేసరికి మొదటి ఇంటి వేగంలో ఎనిమిదో వంతు మిగిలితే గొప్ప. అల్టర్‌ముండీ మిత్రులు తయారుచేసిన లిబ్రెరౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ రేడియోలు రెండు పెట్టడానికి కారణం ఇదే. ఎదుటి యాంటెన్నా కంటికి కనిపిస్తే చాలునని మేము అనుకున్నాము, అదీ పొరపాటే. 2.4 గిగాహెర్ట్జ్ వద్ద 2 కిలోమీటర్ల దూరానికి, సరిగ్గా మధ్యలో, రెండు యాంటెన్నాలను కలిపే గీతకు చుట్టూ దాదాపు 8 మీటర్ల మేర ఖాళీ ఉండాలి. వేసవిలో బిగించిన మా లింకు వానాకాలంలో చెట్లు చిగురించగానే సగం చచ్చిపోయింది.

వాన నేర్పిన పాఠం ఇంకొకటి ఉంది. ఒక నోడ్ పదేపదే ఆగిపోతుంటే కప్పెక్కి కేబుల్ ఊడదీసి చూశాను. కొనలోని ఎనిమిది పిన్నుల్లో రెండింటికి పచ్చగా చిలుము పట్టి ఉంది. కేబుల్‌ను పైనుంచి తిన్నగా దించడం వల్ల వాననీరు దాని వెంబడే జారి కొనలోకి చేరుతోంది. అటు తరువాత ప్రతి కేబుల్‌నూ కొన దగ్గరికి వచ్చే ముందు ఉయ్యాలలా కొంచెం కిందికి వంచి, నీటి చుక్క అక్కడే రాలిపోయేలా కట్టాము.

వీటన్నిటికంటే ఎక్కువ కాలం మమ్మల్ని వేధించిన లోపం మాత్రం యంత్రాలది కాదు. రోజూ సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో పల్లంలోని మూడిళ్లకు నెట్‌వర్క్ అందేది కాదు, తెల్లవారేసరికి దానంతటదే వచ్చేది. రెండుసార్లు ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చాము, ఛానెళ్లు మార్చాము. చివరికి ఒక సాయంత్రం, ఆ మూడిళ్లకు నెట్‌వర్క్‌ను అందించే రౌటర్ ఉన్న ఎత్తయిన ఇంట్లోనే కూర్చున్నాను. ఏడు కాగానే ఆ ఇంటావిడ మా అడాప్టర్ పీకి, ఉన్న ఆ ఒక్క ప్లగ్గులోనే పిల్లల చదువుకు దీపం పెట్టుకున్నారు. నేను తెల్లబోయి చూస్తుంటే, "అది మీదే కదండీ, మేము వాడేది కాదుగా" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఎత్తుగా ఉందని ఆ కప్పును వాడుకున్నామే తప్ప, ఆ ఇంటికి దానివల్ల ఏం ఒరుగుతుందని ఏనాడూ ఆలోచించలేదు.

దక్షిణాఫ్రికాలోని మంకోసిలో జెన్‌జెలేని సహకార సంఘంవారు ఈ చిక్కును మొదట్లోనే పట్టుకున్నారు. అక్కడ నోడ్లు సౌర విద్యుత్తుతో నడిచేవి. వాటిని పెట్టుకున్న ఇళ్లలో అదే విద్యుత్తుతో ఊరివాళ్ల ఫోన్లను రుసుము తీసుకుని ఛార్జి చేసేవారు. ఇంటర్నెట్ అక్కర్లేని ఇంటికి కూడా నోడ్ పనిచేయడం అవసరమైపోయింది. ఆ సంఘం 2014లో నమోదై, లైసెన్స్ మినహాయింపు కూడా తెచ్చుకుంది. ఈ రెండో విషయాన్ని తేలిగ్గా తీసుకోకండి. వైఫై తరంగాలకు లైసెన్స్ అక్కర్లేని దేశాల్లో కూడా రుసుము తీసుకుని ఇంటర్నెట్ అందించడానికి అనుమతి కావాలనే నియమం తరచూ ఉంటుంది. మీ దేశపు నియంత్రణ సంస్థ నిబంధనలు చదవకుండా ఒక్క యాంటెన్నా కూడా కొనవద్దు.

అందుకే మీ దగ్గర ఎవరైనా ఈ ప్రతిపాదన తెస్తే రౌటర్ మోడల్ గురించి తరువాత మాట్లాడుకోండి. వానలో కప్పెక్కేది ఎవరు, వారు ఊళ్లో లేనప్పుడు ఎక్కేది ఎవరు, రౌటర్ల పాస్‌వర్డ్‌లు ఎంతమంది దగ్గర ఉంటాయి, బ్యాటరీ పోయినప్పుడు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అన్నవి ముందు అడగండి. మా దగ్గర పాస్‌వర్డ్‌లన్నీ నా ఒక్కడి దగ్గరే ఉండేవి. నేను జ్వరంతో పడుకున్న వారం రోజులూ ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

మొబైల్ డేటా మెరుగయ్యాక మా 16 ఇళ్లలో ఐదు దానికి మారిపోయాయి. ఆ ఐదింటిలో మూడిళ్లవారు తమ కప్పు మీది రౌటర్‌ను ఇప్పటికీ తీయనివ్వడం లేదు. ఆ ప్లగ్గు సంగతి బయటపడ్డాక ప్రతి నోడ్‌కూ మేము అమర్చిన బ్యాటరీతోనే వాళ్ల రాత్రి దీపం వెలుగుతోంది.