ఆ ఇద్దరినీ బంతిలో కూర్చోబెట్టు

చిరంజీవి తమ్ముడికి, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. 1951 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకే నాకు చాలా సంతోషమేసింది. కోలగా ఉండే బంతిని చంకన ఇరికించుకుని పరిగెత్తే ఆట అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అంతే చాలు. క్రికెట్ జోలికి పోకపోవడం ఇంకా మంచి పని.

బౌల్ అంటే ఏమిటో మాత్రం ఇంకో రెండు మాటలు రాయి. ఆ రోజుల్లో అక్కడి కాలేజీ జట్లకు సీజన్ చివర నాకౌట్ పోటీలు లేవు. బాగా ఆడిన జట్లను కొత్త సంవత్సరం రోజుల్లో ఒక్కో ఊరి నిర్వాహకులు పిలిచి ఆడించేవాళ్లు. ఆ ఆటే బౌల్. పిలుపొస్తే పేరూ డబ్బూ, రాకపోతే ఇంటికే. ఈ సంగతి తెలియని పాఠకుడికి, తొమ్మిదికి తొమ్మిది ఆటలూ గెలిచిన జట్టు ఇంట్లో ఎందుకు కూర్చుందో అర్థం కాదు.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చింది ఫోర్‌డ్‌హామ్ కాలేజీ జట్టుతో ఆట. దేశం ఆ చివర నుంచి ఈ చివరకు, న్యూయార్క్ దాకా వెళ్లి ఆడి, 32-26తో బయటపడ్డారు. అవతలివాళ్లు తన్నిన బంతిని శాన్‌ఫ్రాన్సిస్కో ఆటగాడు ఓలీ మాట్సన్ అందుకుని, మైదానమంతా ఒక్క ఊపున దాటేసి టచ్‌డౌన్ చేయడం, అదీ ఒకే ఆటలో రెండుసార్లు! ఆ పేజీ చదువుతుంటే నేనూ లేచి నిలబడ్డాను. ఆ సీజన్‌లో పరుగుతో 1,566 గజాలు సాధించి దేశంలోనే మొదటివాడయ్యాడని అంకె చెప్పావు. అతని పరుగు చూపించాక చెప్పావు కాబట్టి ఆ అంకె పండింది.

తర్వాత పసిఫిక్ కాలేజీ మీద 47-14, చివరగా రోజ్ బౌల్ అనే స్టేడియంలో లయోలా కాలేజీ మీద 20-2. వీటిని త్వరగా దాటేశావు, సరే. పీట్ రోజెల్‌కు రెండు పేజీలు మాత్రం ఎక్కువ. అప్పట్లో అతను కాలేజీ జట్టు ప్రచారం చూసుకునే కుర్రాడు, తర్వాత ప్రొఫెషనల్ లీగ్‌కే కమిషనర్ అయ్యాడు. దానికి ఒక్క లైను చాలు.

ఇక అసలు విషయానికి వస్తాను. నల్లవాళ్లను దూరం పెట్టే అమెరికా దక్షిణాది నుంచి, బౌల్‌కు పిలుస్తాం, మీ ఇద్దరు నల్లవాళ్లను, మాట్సన్‌నూ బర్ల్ టోలర్‌నూ, వదిలేసి రండి అని కబురొచ్చింది. జట్టు కాదంది. ఇక్కడ నువ్వు జట్టులోని జీనో మార్కెట్టి చేత ఒకటిన్నర పేజీ ఉపన్యాసం ఇప్పించావు. తీసెయ్. అతను రెండో ప్రపంచ యుద్ధంలో, యూరప్‌లోని ఆర్డెన్స్ మంచులో మెషిన్‌గన్ పట్టి యుద్ధం చేసి వచ్చినవాడు. అతని నోట నువ్వు పెట్టిన మాటలు అతనివి కావు. వాళ్లెవరూ దాన్ని సభ పెట్టి తేల్చుకోలేదు. కాదన్నారు, అంతే. ఆ పొట్టి మాటను పొట్టిగానే ఉండనీ.

అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఆ పేజీలన్నింటా తెల్ల కుర్రాళ్లు త్యాగం చేస్తూ కనిపించారు. మాట్సన్, టోలర్ ఎక్కడున్నారు? ఆ త్యాగానికి కారణంగా రెండు పేర్లుగా మిగిలిపోయారు.

ఇది నీకెందుకు చెబుతున్నానంటే, ఈ తప్పు నేనూ చేశాను. చిన్నప్పుడు మా ఊళ్లో ఒక పెళ్లి. పందిట్లో బంతి వేశారు. నాతో బడికొచ్చే నేస్తం పందిరి అవతల, కంచె పక్కన సత్తుగిన్నె పట్టుకుని నిలబడ్డాడు. నేను తలొంచుకుని నా విస్తరి ఖాళీ చేశాను. నలభై ఏళ్ల తర్వాత దాన్ని కథగా రాశాను. అచ్చయ్యాక చదువుకుంటే, కథ నిండా నా పశ్చాత్తాపమే ఉంది. వాడి ముఖం లేదు, వాడు ఏమన్నాడో లేదు. కథలోనూ వాణ్ణి కంచె పక్కనే నిలబెట్టాను. అది ఇప్పటికీ నన్ను తొలుస్తుంది.

అందుకని ఆ ఇద్దరి దగ్గరికి వెళ్లు. మాట్సన్ పుట్టింది టెక్సస్‌లో, టోలర్ పుట్టింది టెనెసీలోని మెంఫిస్‌లో. ఇద్దరూ దక్షిణాది బిడ్డలే. ఆ షరతులో ఏముందో జట్టులో వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తమ కోసం స్నేహితులంతా బౌల్ వదులుకుంటుంటే, వాళ్ల మధ్య మెలగడం ఎంత బరువో ఆలోచించు. వాళ్ల మనసులో ఏముందో నువ్వు కల్పించొద్దు. వాళ్లు ఏం చేశారో రాస్తే చాలు.

వీళ్లు ఇంట్లో ఉండగా, 1952 జనవరి 1న దక్షిణాదిలోని మయామీలో ఆరెంజ్ బౌల్ ఆడింది జార్జియా టెక్, బేలర్ కాలేజీ జట్లు. శాన్‌ఫ్రాన్సిస్కో కాలేజీకి ఫుట్‌బాల్ ఖర్చు మోయలేనిదై, ఆ సీజన్‌తోనే జట్టును ఎత్తేశారు. మాట్సన్ ఆ ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం, రిలేలో రజతం తెచ్చుకున్నాడు. టోలర్‌కు అదే ఏడాది కాలేజీ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌లో మోకాలు దెబ్బతింది. ఇక ఆడలేకపోయాడు. శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో పనిచేసి ప్రిన్సిపాల్ అయ్యాడు. 1965లో చారల చొక్కా వేసుకుని ప్రొఫెషనల్ లీగ్‌లో ఆటకు తీర్పు చెప్పే మొదటి నల్లజాతి అధికారిగా మైదానంలోకి దిగాడు. 1980లో ఆ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లోనూ నిలబడ్డాడు. ఒకప్పుడు ఎవరిని వదిలేసి రమ్మన్నారో, ఆ మనిషి తీర్పు చెబితే ఆట ఆగింది. నీ వ్యాసంలో ఇదంతా ఆఖరి పేరాలో నాలుగు లైన్లు! దీనికి కనీసం మూడు పేజీలివ్వు.

మోకాలు దెబ్బతిన్న రోజు దగ్గర మొదలుపెట్టి చూడు. అక్కణ్నుంచి వెనక్కి, 1951కి రావచ్చు. దీపావళి లోపు తిరగరాసి పంపు, నేను ఎదురుచూస్తుంటాను. ఫోర్‌డ్‌హామ్ పేజీ మాత్రం ముట్టుకోకు.

ప్రేమతో,
మీ అన్నయ్య