యూరాలజీలో బ్రిటన్‌కు: హైదరాబాద్‌లో సర్దుకోవాల్సినవి, అక్కడ మొదటి ఏడాది నేర్వాల్సినవి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎం.ఎస్. తర్వాత యూరాలజీలో ఎం.సీహెచ్. (సూపర్ స్పెషాలిటీ పట్టా) పూర్తయింది. పీసీఎన్ఎల్ (వీపు వైపు నుంచి చిన్న రంధ్రం చేసి కిడ్నీ రాయి తీయడం), యూరెటెరోస్కోపీ (మూత్రనాళంలోకి స్కోప్ పంపడం) సొంతంగా చేస్తాను. బ్రిటన్‌లో ఏ మెట్టు నుంచి మొదలుపెట్టాలి? కన్సల్టెంట్ కావడానికి దారేది?

ముందే చెప్పాల్సిన మాట: ఎం.సీహెచ్. పట్టా ఒక్కదాంతో అక్కడి స్పెషలిస్ట్ రిజిస్టర్‌లో (కన్సల్టెంట్ కావడానికి అర్హులైనవారి జాబితాలో) పేరు ఎక్కదు. ఎక్కడానికి రెండు దారులున్నాయి. మొదటిది జాతీయ ఎంపికలో ఎస్‌టీ3 (స్పెషాలిటీ శిక్షణ మూడో ఏడు) సీటు తెచ్చుకుని ఎస్‌టీ7 దాకా ఐదేళ్ల శిక్షణ పూర్తిచేసి సీసీటీ (శిక్షణ పూర్తయిందనే సర్టిఫికెట్) అందుకోవడం. రెండోది ట్రస్ట్ (అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులను నడిపే సంస్థ) ఉద్యోగాల్లో పనిచేస్తూ, శిక్షణ పొందినవారికి ఉండే నైపుణ్యమంతా మీకూ ఉందని కాగితాలతో నిరూపించుకోవడం. దీన్ని 2023 దాకా సీఈఎస్ఆర్ అనేవారు, ఇప్పుడు పోర్ట్‌ఫోలియో పాత్‌వే అంటున్నారు. ఏ దారైనా ఎఫ్ఆర్‌సీఎస్ యూరాలజీ పరీక్ష (శిక్షణ చివర్లో రాసేది) రాయడానికి సిద్ధపడే బయల్దేరండి. ఎం.సీహెచ్. చేతిలో ఉన్నవారికి రెండో దారే ఎక్కువగా నప్పుతుంది. కానీ అందులో మీ చేతి పనితనం కన్నా, దానికి మీరు చూపించే సాక్ష్యమే ముందు మాట్లాడుతుంది. ఆ సాక్ష్యంలో సగం హైదరాబాద్‌లో ఉన్నప్పుడే పోగుచేయాలి.

జీఎంసీ (బ్రిటన్ మెడికల్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్‌కు సర్జన్లు ప్లాబ్ (విదేశీ డాక్టర్లకు అది పెట్టే పరీక్ష) రాయక్కర్లేదు, అక్కడి సర్జన్ల కాలేజీల పరీక్ష ఎంఆర్‌సీఎస్ పార్ట్ ఏ, పార్ట్ బీ పాసైతే చాలు. ఎలాగూ ఆ పరీక్ష ముందుముందు పనికొస్తుంది కాబట్టి ప్లాబ్ మీద డబ్బు, కాలం పెట్టకపోవడమే మంచిది. ఇంగ్లిష్‌కు ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం 7.5, నాలుగు విభాగాల్లో దేనిలోనూ 7కు తగ్గకుండా రావాలి, లేదా ఓఈటీలో (వైద్యరంగం వారి ఇంగ్లిష్ పరీక్షలో) అన్నింటా బీ గ్రేడు. గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (మీపై చర్యలేవీ లేవని మెడికల్ కౌన్సిల్ ఇచ్చేది) మూడు నెలలే చెల్లుతుంది. మిగతా కాగితాలన్నీ సిద్ధమయ్యాకే మెడికల్ కౌన్సిల్‌కు వెళ్లండి, తొందరపడి తెచ్చుకుంటే మళ్లీ తిరగాల్సి వస్తుంది. గత ఐదేళ్లలో ఇంకో దేశంలో ప్రాక్టీసు చేసి ఉంటే అక్కడి నుంచీ ఇలాంటిదే కావాలి.

మనవాళ్లకు తరచుగా చిక్కు తెచ్చేది ఇంటిపేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఎంబీబీఎస్ పట్టాలో చివర, పాస్‌పోర్టులో పూర్తిగా ముందు ఉంటుంది. పట్టాల పరిశీలన జరిగేటప్పుడు ఈ మూడూ ఒకే మనిషివని అవతలివాళ్లకు తెలియాలి కదా. అఫిడవిట్‌తో సరిపోతుందో, యూనివర్సిటీలో పట్టా దిద్దించుకోవాలో ముందే తేల్చుకోండి. దిద్దించడానికి నెలలు పడుతుంది.

ఇక లాగ్‌బుక్. మన దగ్గర ‘రెండొందల పీసీఎన్ఎల్ చేశాను’ అంటే నమ్ముతారు. అక్కడ ఆ రెండొందల్లో మీరు పక్కన నిలబడి సాయం చేసినవెన్ని, సీనియర్ చేతులు కడుక్కుని పక్కనుండగా చేసినవెన్ని, ఆయన థియేటర్‌లో ఉన్నా చేతులు కడుక్కోకుండా మీరే చేసినవెన్ని, ఒంటరిగా చేసినవెన్ని, జూనియర్‌కు నేర్పిస్తూ చేయించినవెన్ని అని అడుగుతారు. వీటికి వరసగా ఏ, ఎస్-టీఎస్, ఎస్-టీయూ, పీ, టీ అని గుర్తులున్నాయి. ఈరోజు నుంచే ఎక్సెల్ షీట్‌లో తేదీ, ఐపీ నంబర్, వయసు, ఆపరేషన్, ఈ గుర్తు, కాంప్లికేషన్ అని గడులు పెట్టి రాయండి. పేషెంటు పేరు మాత్రం ఎక్కడా రాయవద్దు, బయటికి పంపే ప్రతిలో ఐపీ నంబర్ కూడా కనిపించకూడదు. ప్రతి ఆరు నెలలకోసారి మొత్తాలు వేసి, హెడ్ సంతకం, హోదా, ఆసుపత్రి ముద్ర పేజీ పేజీకీ తీసుకోండి. విమానం ఎక్కాక ఎవరో ఒకరు చేసిపెడతారులే అనుకుంటే కుదరదు: హెడ్ బదిలీ అవుతారు, రిటైరవుతారు, ఓటీ రిజిస్టర్ పాత గదిలోకి చేరుతుంది. కాంప్లికేషన్ గడి ఖాళీగా ఉన్న లాగ్‌బుక్‌ను అక్కడ ఎవరూ మెచ్చరు. రక్తం ఎక్కించాల్సి వచ్చిన కేసు, జ్వరం వచ్చి ఐసీయూకు పోయిన కేసు రాసి, దాన్నుంచి ఏం మార్చుకున్నారో రెండు వాక్యాలు జోడిస్తే అదే బలమైన సాక్ష్యం.

మొదటి ఉద్యోగం ఎక్కువగా క్లినికల్ ఫెలో (శిక్షణ సీటు కాని ట్రస్ట్ డాక్టర్) పేరుతో దొరుకుతుంది. పీసీఎన్ఎల్ చేసిన చేతికి రాత్రి డ్యూటీలో కాథెటర్లు (మూత్రం బయటికి తీసే గొట్టాలు) వేయాల్సి రావడం మనసుకు కష్టంగానే ఉంటుంది. కానీ మీ మీద నమ్మకం కుదిరేది అక్కడే, ఎందుకంటే కన్సల్టెంట్ ఇంట్లో పడుకుని ఉంటారు, ఆయనకు తెలిసేది మీ ఫోను, మీ నోట్సు మాత్రమే.

ఉదాహరణకు రక్తం గడ్డలు కట్టి మూత్రం ఆగిపోయిన పేషెంటు. వార్డులో ఎవరో 16 ఫ్రెంచ్ రెండు దారుల కాథెటర్ వేసి, ‘బ్లాక్ అవుతోంది’ అని ఫోన్ చేస్తారు. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. 16 ఫ్రెంచ్ బయటి వ్యాసమే 5 మిల్లీమీటర్ల పైచిలుకు, లోపలి దారి ఇంకా సన్నం, గడ్డ ఎలా బయటికొస్తుంది? అది తీసేసి 22 లేదా 24 ఫ్రెంచ్ మూడు దారుల (మూత్రానికి, బెలూన్‌కు, కడిగే సెలైన్‌కు) కాథెటర్ వేసి, బెలూన్‌లో 30 ఎంఎల్ నింపండి. కాథెటర్ మొన సిరింజితో 50 ఎంఎల్ సెలైన్ పంపి, వెనక్కి లాగండి. రాకపోతే గట్టిగా గుంజవద్దు, బ్లాడర్ (మూత్రాశయం) గోడ కాథెటర్ రంధ్రానికి అంటుకుని ఉంటుంది. ఇంకాస్త సెలైన్ పంపి, కాథెటర్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ లాగండి. గడ్డలు పూర్తిగా ఆగేదాకా ఇదే పని, అరగంట పట్టినా సరే. గడ్డలు మిగిలుండగానే ఇరిగేషన్ (సెలైన్‌ను ఆగకుండా పంపి కడగడం) పెట్టడం అసలు పొరపాటు: నీరు లోపలికి పోతుంది, బయటికి రాదు, బ్లాడర్ ఉబ్బి చిట్లే ప్రమాదం. పంపినంత తిరిగి రాకపోయినా, పొట్ట గట్టిపడినా వెంటనే ఆపి సీనియర్‌ను పిలవండి. నోట్సులో కాథెటర్ సైజు, బెలూన్‌లో ఎంత, ఎంత మూత్రం వచ్చింది, రంగు, హిమోగ్లోబిన్, పురుషాంగం ముందరి చర్మాన్ని తిరిగి ముందుకు జరిపారా అన్నీ ఉండాలి. ఆ చివరి ముక్క మరిస్తే పారాఫైమోసిస్ (వెనక్కి జరిగిన చర్మం బిగుసుకుని వాచడం) వస్తుంది, అది మీ పేరు మీదే ఉంటుంది.

అలవాటు మార్చుకోవాల్సిన చోట్లు మరో రెండు. జ్వరంతో, అడ్డుపడిన రాయితో వచ్చిన కిడ్నీకి స్టెంటో (కిడ్నీ నుంచి బ్లాడర్ దాకా లోపల ఉంచే గొట్టం) నెఫ్రాస్టమీయో (వీపు నుంచి కిడ్నీలోకి గొట్టం) వేసి చీము దించడమే చికిత్స. చేయి తిరిగిన సర్జన్‌కు ‘ఎలాగూ లోపలికి వెళ్లాం, రాయి కూడా పగలగొట్టేద్దాం’ అనిపిస్తుంది. అప్పుడు లోపలికి పంపే నీటి ఒత్తిడికి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోతుంది. రాయి సంగతి కొన్ని వారాల తర్వాత చూసుకోవచ్చు. రెండోది వృషణం మెలిపడటం. డాప్లర్ (రక్తప్రసరణ చూసే స్కాన్) కోసం ఆగవద్దు. అనుమానం గట్టిగా ఉంటే నేరుగా థియేటర్‌కు తీసుకెళ్తారు, ఆరు గంటలు దాటే కొద్దీ వృషణం దక్కే అవకాశం తగ్గిపోతుంది.

పగటి పనిలో ముందుగా చేయి కుదరాల్సింది ఫ్లెక్సిబుల్ సిస్టోస్కోపీ (వంగే స్కోప్‌తో బ్లాడర్ లోపల చూడడం). క్యాన్సర్ అనుమానంతో పంపిన పేషెంటుకు 28 రోజుల్లో ఉందో లేదో చెప్పాలి, 62 రోజుల్లో చికిత్స మొదలుకావాలి. అందుకే ఈ లిస్టులు ఎప్పుడూ నిండుగా ఉంటాయి, నేర్చుకోవడానికీ వీలుంటుంది. రిజిడ్ స్కోప్‌కు అలవాటైన చేతికి బొటనవేలి లీవర్ మొదట్లో మాట వినదు. జెల్ వేశాక మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగండి. స్ఫింక్టర్ (మూత్రాన్ని ఆపే కండరం) దగ్గర తోయకుండా మూత్రం పోస్తున్నట్టు వదులు చేయమని అడగండి. ట్రైగోన్ (బ్లాడర్ అడుగున ఉండే త్రికోణం), రెండు యూరెటర్ (మూత్రనాళం) ద్వారాలు, పక్క గోడలు, గాలి బుడగ ఉండే పైకప్పు, ఆఖరున స్కోప్‌ను వెనక్కి మడిచి బ్లాడర్ నెక్, ఈ వరస తప్పకూడదు. వెనక్కి మడవడం మానేస్తే నెక్ దగ్గరి చిన్న ట్యూమర్ తప్పిపోతుంది. దీని తర్వాత లోకల్ అనస్తీషియాలో పెరీనియం (వృషణాలకు, మలద్వారానికి మధ్య భాగం) నుంచి తీసే ప్రోస్టేట్ బయాప్సీ నేర్వండి. రెక్టం నుంచి తీస్తే వచ్చే సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకడం) భయంతో చాలామంది అటు మళ్లారు.

భాష సంగతి ఐఈఎల్‌టీఎస్‌తో తీరదు. హైదరాబాద్‌లో ‘వాటర్ వర్క్స్’ అంటే నల్లా నీళ్ల ఆఫీసు. అక్కడి పెద్దవాళ్లు ‘వాటర్‌వర్క్స్‌లో ఇబ్బంది’ అంటే మూత్రం సమస్య. ‘స్పెండ్ ఎ పెన్నీ’ అంటే మూత్రానికి వెళ్లడం. ఆపరేషన్‌కు ఒప్పుకోలు తీసుకునేటప్పుడు ‘అంతా బాగానే ఉంటుంది, మాకు వదిలేయండి’ అన్న మన పద్ధతి అక్కడ తప్పు కిందకే వస్తుంది. 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చిన మాంట్‌గోమరీ తీర్పు తర్వాత, ఆ పేషెంటుకు ముఖ్యమనిపించే ప్రతి ప్రమాదం, ఆపరేషన్ కాకుండా ఉన్న దారులు కూడా చెప్పాలి. బాస్ (BAUS, బ్రిటన్ యూరాలజీ సర్జన్ల సంఘం) ప్రతి ఆపరేషన్‌కూ కరపత్రాలు ఉచితంగా పెట్టింది, ప్రమాదాల అంకెలతో సహా. వాటిని హైదరాబాద్‌లో ఉండగానే బిగ్గరగా చదివి సాధన చేయండి.

ఆడిట్ (మన పని ప్రమాణానికి తగ్గట్టు ఉందో లేదో లెక్కేసి, మార్చి, మళ్లీ లెక్కేయడం) ఒకటైనా వెళ్లకముందే పూర్తిచేయండి. సులువైనది డీజే (రెండు చివర్లూ వంకరగా ఉండే) స్టెంట్ల లెక్క. మూడు నెలల్లో వేసినవెన్ని, తీయాల్సిన తేదీ కేస్‌షీట్‌లో రాసినవెన్ని, ఆ తేదీకి తీసినవెన్ని. తర్వాత ఒక రిజిస్టరు, ఫోన్ గుర్తుచేసే పద్ధతి పెట్టి, మళ్లీ మూడు నెలలు లెక్కించండి. రెండోసారి లెక్క లేకపోతే దాన్ని పూర్తయిన ఆడిట్ అనరు. మరిచిపోయిన స్టెంటుకు రాయి పేరుకుని కిడ్నీయే పోయిన కేసులు మన ఆసుపత్రులకు కొత్తకాదు కాబట్టి ఈ పనివల్ల మీ పేషెంట్లకూ మేలే.

ఇంటర్వ్యూలో జీతం కన్నా ముందు నాలుగు సంగతులు అడగండి: వారానికి ఎన్ని థియేటర్ లిస్టులు, సొంత క్లినిక్ ఉందా, పేరుతో సహా ఎడ్యుకేషనల్ సూపర్‌వైజర్ ఎవరు, ఆ విభాగం నుంచి ఇంతకుముందు ఎవరైనా పోర్ట్‌ఫోలియో దారిలో స్పెషలిస్ట్ రిజిస్టర్‌కు చేరారా. ఆన్‌కాల్ తప్ప ఇంకేమీ లేని ఉద్యోగమైతే దేశంలో అడుగుపెట్టడానికి ఒప్పుకోండి, ఆరో నెల నుంచే వేరేచోట దరఖాస్తులు మొదలుపెట్టండి.